తండ్రి ఛాతీ మీద పెరిగిన పాప

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. కోరుట్ల దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. బస్సులు డిపో దాటడం లేదు, చౌరస్తాల్లో వంటావార్పులు. మేము మాత్రం నల్లబ్యాడ్జీలు పెట్టుకుని కాన్పులు చేస్తూనే ఉన్నాం. కడుపులో బిడ్డకు సమ్మె తెలియదు కదా!

ఆ వారం లత అనే అమ్మాయికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల, కిలో ఎనిమిది వందల గ్రాములు. పాలు తాగుతోంది, ఊపిరి బాగానే ఉంది. కానీ ఒళ్లు చల్లబడుతోంది. వెచ్చగా ఉంచే గాజుపెట్టె, అదే ఇంక్యుబేటర్, మా దగ్గర లేదు. జగిత్యాలలో అడిగితే ఖాళీ లేదన్నారు. అంబులెన్సును ఎవరూ ఆపరు గానీ, కరీంనగర్ చేరేలోపు పాప ఇంకా చల్లబడుతుందని మా డాక్టరమ్మ భయం.

"ఇక్కడే కంగారూ మదర్ కేర్ పెడదాం. తేడా వస్తే వెంటనే పంపుదాం" అందామె. అంటే పాపను తల్లి ఒంటికి ఆనించి, గుడ్డతో కట్టి, రాత్రింబవళ్లు ఆ వెచ్చదనంలోనే ఉంచడం. మెషిన్ లేని వైద్యమేమిటని నేను అంతకుముందు నవ్వినదాన్నే.

రక్తం బాగా పోయి లత కూర్చుంటే తూలిపోతోంది. పాలిస్తుంది గానీ రోజంతా మొయ్యలేదు. అత్త గంగవ్వకు బీడీలు చుట్టీ చుట్టీ ఆ పొగాకుతో ఆగని దగ్గు. నాకేమీ పాలుపోలేదు.

అప్పుడు మా ఆశా కార్యకర్త పద్మ, పదో తరగతి చదివిన పిల్ల, మెల్లగా అంది. "మేడం, రాజేశమన్న ఉన్నడు గద? తండ్రి సుత పెట్టుకోవచ్చని ట్రైనింగుల చెప్పిండ్రు."

ఆ ట్రైనింగుకు నేనూ వెళ్లాను. భోజనాలయ్యాక చెప్పిన పాఠం కాబట్టి హాయిగా కునుకు తీశాను. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన లత భర్త రాజేశాన్ని పొద్దుటి నుంచి రెండుసార్లు కసిరి వార్డు బయటికి తోలింది కూడా నేనే. సిగ్గేసింది.

గంగవ్వ ఒప్పుకోలేదు. "పురుటి స్నానం కాకముందే మొగోడు బాలింత కాడికి పోతడా? నలుగురు నవ్వరా?"

రాజేశం అప్పటికే అంగీ విప్పుతున్నాడు. "నవ్వనియ్యే అవ్వా. నా బిడ్డ బతకాలె."

లత పాత నూలు చీరతో పాపను అతని ఛాతీకి కట్టాం. గంటలో పాప పాదాలు వెచ్చబడ్డాయి. పద్మ నా భుజం పట్టుకుని ఎగిరింది. నేనూ ఎగిరాను, నా వయసు మరిచిపోయి.

నాలుగు రోజులకు ఇంటికి పంపాం, అక్కడా పాప అతని ఛాతీ మీదే. పద్మ రోజూ వెళ్లి తూకం వేసి ఫోన్లో డాక్టరమ్మకు చెప్పేది. వంటావార్పుకు పోతూ దోస్తులు ఆగి ఆటపట్టించేవారు. "ఏం రాజేశం, బాలింతవైనవా?"

"అయిన. నాకు సుత కారం లేని బువ్వ తెచ్చుండ్రి" అనేవాడు.

మూడో వారం తూకం వెయ్యడానికి నేనే వెళ్లాను. ముల్లు రెండు కిలోల మూడు వందల దగ్గర ఆగింది. రాజేశం కళ్లనిండా నీళ్లు. "దుబాయ్‌ల ఎన్ని సిమెంటు బస్తాలు మోసిననో మేడం. ఎవ్వలు గిట్ల నా ఛాతీ మీద పండలే."

గంగవ్వ దగ్గుతూనే వాకిట్లోకి పోయి, కడుపుతో ఉన్న పక్కింటి కోడలికి గొప్పలు చెబుతోంది. "నీ మొగనికి సుత ఇప్పటి నుంచే నేర్పియ్యి బిడ్డా, మా వాడు చూపిస్తడు."

ఆ తర్వాత మా కేంద్రానికి మంచి మెషిన్లు వచ్చాయి, సంతోషమే. కానీ వైద్యం చేసేవాళ్లంటే తెల్లకోటు, తెల్లచీర వాళ్లమే అనుకునే పొగరు నాకు అక్కడితో పోయింది. ఇప్పుడు కొత్త నర్సులకు పాఠం చెప్పేటప్పుడు మొదటి మాట ఇదే చెబుతాను. వరండాలో తిరుగుతున్న తండ్రిని ముందు లోపలికి పిలవండి, అతనికీ ఒక డ్యూటీ ఉంది.