రెక్క మీద రంగు ముద్ద

మా పక్కింటి ఫిట్టరుకీ వాళ్ళ బావకీ గోడ తగాదాతో మాటలు ఆగిపోయాయని వీధంతా చెప్పుకుంటోంది. గోడా లేదు, గీడా లేదు. వాళ్ళ పెరడు నా కిటికీలోంచి కనబడుతుంది. బట్టలు మడతపెట్టుకుంటూ మొదట్నుంచీ చూసినదాన్ని నేను.

వరదొచ్చే ముందు ఊరిని హెచ్చరించే పాత సైరన్ ఒకటి మూలపడి ఉంది. రిటైరై ఖాళీగా ఉన్నాడు కదా అని ఇదివరకు పనిచేసిన ఆఫీసువాళ్ళు దాన్ని బాగుచెయ్యమని ఈ ఫిట్టరుకి అప్పజెప్పారు. సోమవారానికి మోగితే సరే, లేదంటే తుక్కులోకే అన్నారు.

రంగు కరిగే మందు పూసి, పొంగాక రేకుతో గీకి, సందుల్లో పాత పళ్ళ బ్రష్షుతో తోమాడు. ఆ బ్రష్షు అంత పాతదేం కాదని వాళ్ళావిడ అంటుంది. లోపల తిరిగే చక్రంలో ఒక రెక్క మీద మాత్రం రంగు ముద్దగా పేరుకుని ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఆ రంగు వేసింది వాళ్ళ అక్క మొగుడు, ఈ బావే.

"చూశారా పిన్నీ, మా బావ పనితనం. డబ్బా అడుగున మిగిలిందంతా ఇక్కడే పారబోశాడు" అని, రేకు అంచు దూర్చి ఆ ముద్దని ఊడదీశాడు. ఊరుకున్నాడా, ఆ పెచ్చు పట్టుకెళ్ళి బావ చేతిలో పెట్టి మరీ వచ్చాడు. ఆయన ఏమీ అనకుండా జేబులో వేసుకున్నాడట. మాటలు ఆగింది అక్కడ.

శనివారం చక్రం తళతళలాడుతుంటే బిగించి స్విచ్చి వేశాడు. సైరన్ ఒక్క మూలుగు మూలిగింది, బల్లంతా దడదడలాడింది. బేరింగులు మార్చాడు, మరలు బిగించాడు. వణుకు తగ్గలేదు. ఆదివారం మొహం వేలాడేసుకుని బావ ఇంటికి నడిచాడు. నాకూ అటే ఏదో పని గుర్తొచ్చింది.

బావ జేబులోంచి పెచ్చు తీశాడు. "ఆ రెక్క మొదట్నుంచీ తేలికరా. మిగతా రెక్కలతో బరువు సరిపోవాలని ముద్ద వేశాను."

"ఆ రోజే చెప్పొచ్చుగా బావా?"

"నువ్వు అడగడానికి వచ్చావా, దెప్పడానికి వచ్చావా?"

ఇద్దరూ చిన్న త్రాసు తెచ్చి, ఒకవైపు పెచ్చు, ఇంకోవైపు రేకు ముక్క పెట్టారు. రెండూ సమానమయ్యేదాకా ముక్కని ఆకురాయితో అరగదీసి, రెక్కకి బిగించారు.

సోమవారం సైరన్ మోగితే వీధి వీధంతా చెవులు మూసుకుంది. బల్ల మాత్రం కదల్లేదు. ఆఫీసువాళ్ళు తుక్కు మాటెత్తకుండా పట్టుకెళ్ళారు.

వాళ్ళటు వెళ్ళగానే సూటిగా అడిగాను. "ఇప్పుడు చెప్పు నాయనా, పనితనం మీ బావదా, నీదా?"

చేతులు తుడుచుకుని గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"రంగు ఆయన బాగానే వేశాడు పిన్నీ. కానీ అంత గట్టి ముద్దని విరక్కుండా ఒకే పెచ్చుగా ఊడదీశాను చూడండి, అది ఆయన వల్ల అవుతుందా?"