తగ్గిందని చెప్పిన రోజు

ఆపరేషన్ థియేటర్‌లో అందరూ ఆమెను చెవులమ్మ అంటారు. ఇంట్లో మాత్రం, పిలిచి పిలిచి గొంతు పోతోందని మొగుడి గోల. నిజమే మరి, పొద్దస్తమానం జనం నెత్తుటి చప్పుడు వినే మనిషికి ఇంటికొచ్చాక ఎవరి మాటా చెవికెక్కదు.

మెదడులో రక్తనాళం ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బితే, పగలకుండా డాక్టరు దాని మెడకు చిన్న క్లిప్పు పెడతాడు. అంతకు ముందోసారి, తర్వాతోసారి పెన్సిలంత గొట్టాన్ని నాళాలకు ఆనిస్తాడు. యంత్రంలో రక్తం పారే చప్పుడు విని చెప్పడం చెవులమ్మ పని. బుడగ మూగబోవాలి, చుట్టూ ఉన్న నాళాలు మునుపటిలాగే పలకాలి. ఆమె చెప్పేదాకా ఎవరూ నోరు విప్పకూడదని అక్కడి కట్టుబాటు.

ఆ రోజు బల్లమీద ఉన్నది టైలరమ్మ. ముందురోజు వార్డులో, "అక్కా, తల మీ ఇష్టం. కుడిచెయ్యి మాత్రం జాగ్రత్త, కత్తెర పట్టాలి," అని నవ్వింది.

క్లిప్పు పడింది. బుడగ మూగబోయింది. కుడిచేతిని నడిపించే చోటికి వెళ్లే సన్న కొమ్మ మాత్రం నీరసంగా పలికింది. మత్తు డాక్టరు ఉండబట్టలేక, "బీపీ కాస్త తగ్గిందిలెండి, అందుకే," అన్నాడు.

నాలుగేళ్ల కిందట ఈ మాటే నమ్మి, చెవులమ్మ "పర్వాలేదు" అనేసింది. ఆ రోగికి మాట పడిపోయింది.

"సార్, దూరంగా ఉన్న నాళం ఒకసారి వినిపించండి," అంది. బీపీ వల్లే అయితే అదీ నీరసపడాలి. అది దిట్టంగా పలికింది.

"కొమ్మలో తగ్గింది సార్. క్లిప్పు నొక్కుతోంది."

"కదిపితే బుడగ పగలొచ్చు, తెలుసుగా?" డాక్టరు విసుక్కున్నాడు.

"తెలుసు సార్. తగ్గింది."

ఆయన ఊపిరి బిగబట్టి క్లిప్పు తీసి, వెంట్రుకవాసి పక్కకు పెట్టాడు. బుడగ మూగగానే ఉంది. కొమ్మ మళ్లీ మునుపటిలా పలికింది.

మర్నాడు టైలరమ్మ కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. "నా చెయ్యి నిలబెట్టారక్కా. చల్లగా ఉండాలి మీరు."

చెవులమ్మకు సంతోషమే. అయినా కళ్లనీళ్లు ఆగలేదు. "ఒకాయన మాట నా వల్లే పోయిందమ్మా," అంది. ఇన్నేళ్లలో ఆ సంగతి పైకి అనడం అదే మొదలు.

టైలరమ్మ పట్టుకున్న చెయ్యి వదల్లేదు.