రోలిన్ నోట రాని సీమపనస

మా ఓలెన్ పేటలో రోలిన్ ఫొటో తీయని వస్తువంటూ లేదు. కుండ పొయ్యెక్కితే ఫొటో, చాప అల్లడం మొదలెడితే ఫొటో. మా పంది ఈనినప్పుడు నేను బకెట్టు తెచ్చేలోగా ఆమె ఫొటో తీసేసి వెళ్ళిపోయింది. జరిగింది చూడకపోతే నాకు అన్నం సయించదు, చూసింది దాచకపోతే ఆమెకు నిద్ర పట్టదు. అందుకే మా రెండిళ్ళ మధ్య కంచెలో ఒక మనిషి పట్టేంత సందు ఎప్పుడూ ఉంటుంది.

నాది పామా దీవి. ఆమెది ఉత్తరాన బ్యాంక్స్ దీవుల్లో ఒక చిన్న దీవి. అక్కడి భాష పక్క దీవివాడికి కూడా తెలియదు. మొగుడు వాల్టర్‌దీ ఆ దీవే. సరుకుల ఓడలో పనిచేస్తాడు, ఇంట్లో కంటే నీళ్ళ మీద ఎక్కువ ఉంటాడు. కూతురు మేరియెల్ ఈ విలా పట్నంలోనే పుట్టింది. బడిలో ఇంగ్లీషు, వీధిలో అన్ని దీవులవాళ్ళూ కలిసి మాట్లాడుకునే బిస్లామా. తల్లి రోజూ పూటకో మాట చొప్పున దీవి భాష దాని చెవిన వేస్తూ ఉంటుంది.

ఇంటర్నెట్‌లో పెద్ద ఫొటోల కొట్టు ఒకటుంది. ప్రపంచంలో ఎవరైనా అందులో ఫొటోలు పెట్టవచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. రకానికో అర. అర నెత్తిన ఒక్క పేరే ఉంటుంది, మిగతా భాషల పేర్లు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. రోలిన్ తన దీవి సీమపనసకు ఒక అర తెరిచింది. చెట్టు, కాయ, నిప్పుల మీద కాల్చడం, చెక్కపళ్ళెంలో దంచడం, పైన కొబ్బరిపాలు పోయడం, అన్నీ అందులో ఉన్నాయి. ఇక నెత్తిన ఏ భాష పెట్టాలన్నది మిగిలింది. నన్నడిగితే నేను ఊరుకుంటానా, శిశుబడి టీచరు సోలాంజ్‌ను కూడా పిలిచాను.

"ఫ్రెంచిలో పెట్టు రోలిన్, వినడానికి సొంపుగా ఉంటుంది" అంది సోలాంజ్.

"అది పాటా టీచరమ్మా, కాయ" అన్నాను. "బిస్లామాలో పెట్టవే. కనీసం పక్కవీధివాడికైనా దొరుకుతుంది."

"పక్కవీధివాడు చెట్టెక్కి కోసుకుంటాడు బుబూ, వాడికి ఫొటో ఎందుకు?" అంది రోలిన్. నన్ను ఈ పేటలో అందరూ బుబు అనే అంటారు, నానమ్మ అని. "ఇంగ్లీషు అర ఎప్పట్నుంచో ఉంది, ఫ్రెంచి మాట దాని కిందే ఉంది. మా మాటకే చోటు లేదు. రేపు మేరియెల్ పెద్దదై వెతుక్కుంటే దాని నాన్న భాషలో ఒక్క మాటైనా నెత్తిన కనిపించాలి కదా."

అలా తున్‌రస్ అని పెట్టింది. మేరియెల్ అది చదివి "మనింట్లో మాటే" అని ఎగిరింది.

కొన్నాళ్ళకు సాంటో దీవిలో స్థిరపడ్డ హెడ్లీ అనే మనిషి ఆ అర కింద ఏదో రాశాడు. ఏం రాశాడో నాకు చదివి వినిపించేదాకా రోలిన్‌ను బట్టలుతకనివ్వలేదు.

"మాదీ అదే దీవి. ఇది మా మాటే గానీ కాయ పేరు కాదు. ఎవరింటి కోడలివమ్మా నువ్వు?" అని ఉంది.

"కాయకీ కోడలికీ ఏమిటే సంబంధం?" అన్నాను.

రోలిన్ తడిచేతులతో మొహం కప్పుకుంది. "మా మామగారి పేరు ఆ కాయ పేరే బుబూ. ఆయన పేరు నేను పలకకూడదు. అందుకని ఆ కాయనీ పలకకూడదు. మా కోడళ్ళం 'కాల్చి దంచేది' అంటాం. తున్‌రస్ అంటే అదే. పెళ్ళైన దగ్గర్నుంచీ అదే అంటున్నాను. పేరు పెట్టేటప్పుడు రెండో మాట ఒకటుందని గుర్తే రాలేదు."

"ఆ హెడ్లీకేం రోగం, అసలు మాట చెప్పొచ్చుగా?"

"అదీ రాశాడు. వాళ్ళ అత్తగారి తమ్ముడి పేరూ అదేనట. హెడ్లీ నోటా రాదు."

ఫొటోల కొట్టు చూసుకునే ఆమె ఎక్కడో నౌమియాలో ఉంటుంది. పేరు మీద పేచీ ఉంది కాబట్టి ఆదివారంలోగా ఆ భాషవాళ్ళెవరైనా అసలు మాట చెప్పాలని, లేకపోతే ఈ అరను ఇంగ్లీషు అరలో కలిపేస్తానని మర్యాదగానే రాసింది. రోలిన్‌ను కుంగదీసింది అది కూడా కాదు. సాయంత్రం మేరియెల్ వచ్చి "అమ్మా, మరి దాన్ని ఏమంటారు?" అని అడిగితే ఆమె నోరు తెరిచి మళ్ళీ మూసేసింది.

"పిల్లకు భాష నేర్పాననుకున్నాను బుబూ" అంది నాతో. "కోడలి భాష నేర్పాను. మనవలకు ఏ అడ్డూ లేదు, తాత పేరు మనవరాలు పలికితే తాతకు ముచ్చట కూడా. అది పలకగలదు, దానికి తెలీదు. నాకు తెలుసు, పలకలేను. వాల్టర్ చేత చెప్పిద్దామంటే ఓడలో ఉన్నాడు, ఫోను అందదు."

"నా చెవిలో చెప్పు."

"చెవిలో చెప్పినా నోటితోనేగా చెప్పాలి."

"పోనీ రాయి."

"రాసినా పలికినట్టే."

"నేను అక్షరాలు వరసగా చెబుతాను, సరైంది రాగానే దగ్గు."

"దగ్గితే మా అత్తగారికి అక్కడ పొలమారుతుంది" అని నవ్వింది గానీ కళ్ళు తుడుచుకుంది.

ఇక నేను కూర్చోలేకపోయాను. మార్కెట్లో అరటిగెలలు అమ్మే ఫ్రెడాది వాళ్ళ దీవే అని గుర్తొచ్చి బస్సెక్కాను. సంగతంతా విని ఆమె గెల చాటుకు తప్పుకుంది.

"ఆ ముసలాయన నాకూ మామ వరసే బుబూ."

"మీ దీవిలో ఆయనకు కోడలు కానిది ఒక్కతీ లేదా?"

"ఎందుకు లేరు? వాళ్ళు ఫోను కూడా అందని ఇంటిదగ్గర హాయిగా ఉన్నారు. ఊరు దాటి వచ్చినవాళ్ళం మేమే" అంటూ నా చేతిలో ఒక అరటిపండు పెట్టి పంపేసింది.

శనివారం వాల్టర్ ఓడ వచ్చింది. అందులోంచే రోలిన్ మామగారూ దిగాడు, కంటి శుక్లం తీయించుకోవడానికి. ఆయన వస్తున్నాడని రోలిన్‌కు కూడా తెలియదు. నేనూ సోలాంజ్ ఆమె వెంట రేవుకు వెళ్ళాం. వాల్టర్ ఇంకా సరుకు దించుతున్నాడు. రోలిన్ మామగారిని చూడగానే తల వంచుకుని పక్కకు ఒదిగింది. నేను ఒదగలేదు.

"పెద్దాయనా, నీ పేరేమిటి?"

"ఫిలిప్."

"అది చర్చి పేరు. మీ దీవి పేరు అడుగుతున్నా."

"అన్ని పేర్లూ దేనికి? నన్ను పెళ్ళాడతావా?"

"ఇద్దరు మొగుళ్ళను సాగనంపాను. ధైర్యముంటే రా."

ముసలాయన ఒళ్ళంతా ఊగేలా నవ్వి, రేవంతా వినబడేటట్టు "బెతో" అన్నాడు. రోలిన్ చటుక్కున చెవులు మూసుకుని సముద్రం వైపు తిరిగింది.

సోలాంజ్ ఫోను తీసి సంగతి చెప్పింది. ఇప్పటిదాకా నెత్తిన ఏముందని ఆయన అడిగాడు. తున్‌రస్ అని సోలాంజ్ చదవగానే ఆయన తాళ్ళకుప్ప మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడేమోనని వంగి చూశాను. నవ్వుతున్నాడు.

"మా అమ్మ అచ్చంగా ఇట్లాగే అనేది. ఆమె మామగారి పేరే నాకు పెట్టారు. నేను చిన్నప్పుడు ఆమె నన్ను కూడా పేరుతో పిలవలేక 'ఒరేయ్ తున్‌రస్' అని అన్నానికి కేకేసేది." నవ్వు ఆపుకుని అన్నాడు: "కాయ పేరు నెత్తిన పెట్టండి. పిల్లలకు అదే తెలియాలి. ఈ మాట మాత్రం పారేయొద్దు, కింద ఉండనివ్వండి. ఇది మా ఆడవాళ్ళది."

సోలాంజ్ ఫోనులో అట్లాగే టైపు కొట్టింది. పైన బెతో, కింద తున్‌రస్, పక్కన కోడళ్ళ మాట అని. నౌమియా ఆమె ఒప్పుకుంది. హెడ్లీ కూడా ఒక ముక్క రాశాడట. అర బాగుందని, కాకపోతే ఇక దాని పేరు పైకి చదవడం తనవల్ల కాదని.

ఆ సాయంత్రం రోలిన్ పెరట్లో నిప్పుల మీద కాయలు కాలుతున్నాయి. నేను సందులోంచి వెళ్ళి కూర్చున్నాను. ముసలాయన ఒక కాయ పైకెత్తి మేరియెల్‌ను అడిగాడు.

"ఇదేమిటే?"

పిల్ల తల్లి వైపు చూసింది. రోలిన్ పొయ్యి వైపు తిరిగి, బాగా మండుతున్న నిప్పును ఊదడం మొదలెట్టింది.

"బెతో" అంది పిల్ల, గొంతులోనే.

"వినబడలేదు."

"బెతో" అని అరిచింది. అటు రెండిళ్ళవాళ్ళు కంచె మీంచి తొంగిచూశారు.

"ఊఁ, ఏం కావాలమ్మా?" అన్నాడు తాత.