ఉయ్యాల దూలం మీద మట్టి గీత

మా ఇంట్లో బిడ్డ పుడితే ఉయ్యాల కట్టేది నడిమింటి దూలానికే. ఆ దూలానికి మా మామ ఉన్నప్పుడు దిగ్గొట్టించిన ఇనుప కొండి ఉంది. నా ముగ్గురు పిల్లలు, ఆ తర్వాత నా మనవరాలు, అందరూ ఆ కొండికి వేలాడిన చీర ఉయ్యాలలోనే పెరిగారు. ఆళ్లగడ్డలో మా వీధిలో మట్టిమిద్దెలన్నీ పోయి స్లాబులు లేచినా, మా మిద్దె మీద నేను గడ్డపార పడనివ్వలేదు.

ఆ మనవరాలికే నంద్యాల ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. కాన్పు తర్వాత తల్లినీ బిడ్డనూ మా ఇంటికే తెస్తారు. ఇరవయ్యొకటో రోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే బిడ్డను ఉయ్యాలలో వేయాలి. కబురు అందిన పొద్దుటే నేను స్టూలెక్కాను, కొండికి పట్టిన తుప్పు తుడిచి నూనె పూద్దామని.

అప్పుడు చూశాను. గోడ మూలలో మొదలై దూలం పక్కగా చిటికెన వేలంత లావు మట్టి గీత పోయింది. కొండిని దాటుకొని అవతలి అటక దాకా పోయింది. గోటితో గీరితే మట్టి రాలింది. లోపల తెల్లటి పురుగులు, నూకల మాదిరి, దిక్కు తెలియక పరుగులు పెట్టాయి.

చెదలు నాకు కొత్త కాదు. వేరుశనగ చేలో, మిరప మొదళ్లలో ఎన్నోసార్లు చూశాను. చేలో చూసిన పురుగు ఇంట్లోకి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. స్టూలు దిగి ఆడనే కూర్చున్నాను. దూలం లోపల బోలైపోయి ఉంటే? దాని కిందనా పసిబిడ్డను వేలాడదీసేది?

కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మూడేండ్లుగా నడిమింటి గోడ కింద రోజూ ఇంత మెత్తటి మట్టి రాలుతూ ఉండేది. ఊడ్చడం రాదని నా కోడల్ని తిట్టేదాన్ని. ఆమె మళ్లీ ఊడ్చేది. క్రిస్మస్‌కు సున్నం కొట్టే ముందు గోడ మీద సన్నటి మట్టి గీతలు కనిపిస్తే, చీమల మట్టి అనుకొని చీపురు మొదలుతో రాల్చి, పైన రెండు పూతలు సున్నం వేసేదాన్ని. గోడ తెల్లగా కనిపిస్తే పని అయిపోయిందనుకునేదాన్ని. పోయినేడు తొలివాన పడిన మరుసటి పొద్దున కిటికీ లోపలి గట్టు మీద ఉసిళ్ల రెక్కలు గుప్పెడు ఉన్నాయి. లైటు వేసి వీధిలో ఉసిళ్లను పిలిచావని కోడలిని అన్నాను. కిటికీ మూసే ఉందత్తా అని ఆమె అంటే, నాకు ఎదురు చెబుతోందనుకున్నానే గాని, మూసిన కిటికీ లోపల రెక్కలు ఎక్కడివని ఆలోచించలేదు. ఆ ఉసిళ్లు చెదల పుట్టలో పుట్టినవే, మా గోడలోంచే లేచినవి. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే, కానీ ఇది బడిలో నేర్చేది కూడా కాదు. కళ్లెదురుగా ఉన్నది చూడకపోవడం నా తప్పు.

ఆ పొద్దు గుడ్డ తడిపి గీత పొడవునా కిరసనాయిలు పూశాను. మరుసటి రోజు చూస్తే పక్కనే, రెండు వేళ్ల ఎడంతో, కొత్త గీత లేచింది. తడి ఇంకా ఆరలేదు. అప్పుడు నాకు నిజంగా భయం పట్టింది. నంద్యాల ఆసుపత్రి నుంచి నా కొడుకు ఫోన్ చేశాడు. ఉయ్యాలకు అంగట్లో ఇనుప స్టాండు కొంటానన్నాడు, పంట చేతికొచ్చాక మిద్దె పడగొట్టి స్లాబు వేద్దామన్నాడు. ఎప్పుడూ ఆ మాట అంటే కయ్యానికి దిగేదాన్ని. ఆ రోజు మాత్రం ఫోన్ కోడలి చేతికిచ్చాను.

రుద్రవరంలో వడ్రంగం చేసే ఒక ముసలి వడ్లాయన ఉన్నాడు. అడవి మాను ఏదైనా చేత్తో తడిమి పేరు చెబుతాడు. కబురు పంపితే బస్సులో వచ్చాడు. నిచ్చెన వేసుకొని పైకెక్కి, సుత్తితో దూలం పొడవునా కొట్టుకుంటూ పోయాడు. నేను కింద నిచ్చెన పట్టుకొని చప్పుడు వింటున్నాను. అన్నిచోట్లా ఒకటే గట్టి చప్పుడు.

"అక్కా, దూలం తిన్నాయని యెవురు చెప్పినారు నీకు?"

"మట్టి కనపడ్తాంది గదప్పా."

"అది వాటి దారి. దారెంబడి పోయి కూడు యాడుందో సూడాల."

ఆ దారి పట్టుకొని అటక దగ్గరికి పోయాడు. ఆ అటక నేను వేయించిందే. టేకు దండగని మామిడి చెక్కతో కొట్టించాను. పైకి రంగు నిగనిగలాడుతోంది. వడ్లాయన బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. చెక్క కాదది, కాగితం పొర. పైన మిక్సీ వచ్చిన డబ్బా, ఫ్యాను వచ్చిన డబ్బా, ఎప్పుడో పనికొస్తాయని దాచిన అట్టపెట్టెలన్నీ ఉన్నాయి. ముట్టుకుంటే బూడిద మాదిరి రాలాయి.

తర్వాత మళ్లీ దూలం దగ్గరికొచ్చి, కొండి పక్కన ఉలి పెట్టి బలంగా కొట్టాడు. ఉలి గోరంత కూడా దిగలేదు. గోడలోకి పోయిన కొసల దగ్గర మట్టి తీసి చూశాడు. పైన తెల్లటి పొర కొంచెం కొరికి వదిలేశాయి, లోపల నల్లగా చేవ అట్లనే ఉంది.

"ఇది నారేపి మానక్కా. దీన్ని తినాలంటే వాటి పండ్లిరగాల. నువ్వూ నేనూ పోయినా ఇది ఉంటాది."

నేను కింద నుంచి కొండి వైపు ఇంకోసారి చూశాను.

కానీ వడ్లాయన అంతటితో వదల్లేదు. పెరట్లోకి పోయి గోడ వెనక చూశాడు. అక్కడ కందికట్టె వామి ఉంది. గ్యాసు మిగులుతుందని, స్నానాల నీళ్లు కాచుకోవడానికి ఏటేటా దొర్నిపాడు దారిలోని మా చేను నుంచి తెప్పించి గోడకు ఆనించి పేరుస్తాను. వాన తగలదని గోడకే చేర్చి పెట్టేదాన్ని. స్నానాల గది నీళ్లు పారేదీ దాని కిందుగానే. వడ్లాయన కాలితో నాలుగు కట్టెలు పక్కకు తోసేసరికి కింద మట్టంతా చెమ్మ, గోడ పొడవునా పురుగులు కట్టుకున్న మట్టి, పునాది బీటలోంచి లోపలికి దారి.

"నువ్వే సంగటి పెట్టి సాకుతాండావు గదక్కా వాటిని."

నా కోడలు మొహం పక్కకు తిప్పుకొని నవ్వింది. వేరే రోజైతే ఊరుకునేదాన్ని కాదు.

ఆ వారమంతా ఇల్లు తిరగేశాం. అటక ఊడదీసి, అట్టపెట్టెలతో సహా పెరట్లోనే కాల్చేశాం. కందికట్టెను గోడకు దూరంగా, పెరటి నడుమ రాళ్ల మీద పరిచిన బండల పైకి చేర్చాం. స్నానాల నీళ్లు కాలవ దాకా పోయేటట్టు గొట్టం వేయించాం. బీరువాను గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపాం, వెనక గోడ కనపడేటట్టు. నంద్యాల నుంచి చెదల మందు వేసే మనిషి వచ్చి గోడ మొదట్లో వరుసగా బెజ్జాలు వేసి, మందు పోసి, సిమెంటుతో మూశాడు. బిడ్డ ఊపిరికి ఏమవుతుందో అని అతన్ని మూడుసార్లు అడిగాను. వాసన పూర్తిగా పోయేదాకా పసిబిడ్డను ఆ గదికి దూరంగా ఉంచమన్నాడు. తల్లీబిడ్డ వచ్చాక వాళ్లను వీధి వైపు గదిలో ఉంచి, నడిమింటి కిటికీలన్నీ తెరిచిపెట్టాను.

వడ్లాయన పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. మందు వేయించాక గీతంతా తుడిచేయవద్దు, నడుమ రెండు వేళ్లంత తెంపి వదిలేయమన్నాడు. బతికుంటే ఆ సందును మళ్లీ పూడ్చుకుంటాయి. రోజూ పొద్దున టార్చిలైటు పట్టుకొని స్టూలెక్కి చూసేదాన్ని. మొదటి రోజు సందు అట్లనే ఉంది. మూడో రోజూ అట్లనే ఉంది. పది రోజులైనా కొత్త మట్టి ఒక్క రవ్వ చేరలేదు. మిగిలిన గీతను గిల్లితే ఎండు మట్టి తప్ప లోపల ఏమీ లేదు.

అయినా నాకు నమ్మకం చాలలేదు. ఇరవయ్యో రోజు ఉయ్యాల కట్టి, అందులో బిడ్డకు నాలుగింతలు బరువుండేటట్టు జొన్నల సంచి పెట్టి, పొద్దున నుంచి ఊపుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక నా కోడలు వచ్చి తొంగిచూసింది.

"జొన్నలు నిద్రపోయినాయత్తా. ఇంగ దించుదామా?"

దించమన్నాను. సంచి మోసుకుపోతుంటే ఆమె వీపు చూసి ఆ మాట ఎట్లో నోట్లోంచి వచ్చింది.

"మూడేండ్లూ నువ్వు సరిగ్గానే ఊడ్సినావులే."

ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు. "నాకు తెల్సులే అత్తా," అని వంటింట్లోకి పోయింది.

ఇరవయ్యొకటో రోజు పాస్టరుగారు ప్రార్థన చేశారు. మనవరాలు బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టింది. అందరూ బిడ్డను చూస్తుంటే నేను కొండిని చూస్తున్నాను. అది కదల్లేదు. కిర్రుమని చప్పుడు కూడా చేయలేదు. నా కోడలు ఉయ్యాల తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పైకి సూసింది సాలు గానీ, బిడ్డను సూడత్తా."

కిందికి చూశాను. బిడ్డ అప్పుడే నిద్రపోయింది.