మావయ్య అడిగిన మందు

నేను గుడివాడ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెబుతాను. నా పరిశోధన మాత్రం సైకెడెలిక్ మందుల మీద, అంటే కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే, మనసుని కాసేపు వేరే లోకంలోకి తీసుకెళ్ళే మందుల మీద. చావు భయంతో ఉన్న రోగులకు విదేశాల్లో డాక్టర్లు ఇవి ఇచ్చి చూస్తున్నారు. ఆ అనుభవాన్ని ఆ రోగులు ఎలా రాసుకున్నారు, అలాంటి మనిషికి ఎంతవరకు ఆశ పెట్టొచ్చు అన్నది నా పని. మావాళ్ళకది గంజాయి చదువు. కాదని ఎన్నిసార్లని చెప్పను! చెప్పడం మానేశాను.

మావయ్యకి కేన్సర్ ముదిరిందని తెలిసి బందరు బయల్దేరితే, అమ్మ ఫోన్లో ఒకటే పోరు. "అక్కడ నీ పుట్టగొడుగుల గోల ఎత్తకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

మావయ్య చర్చిలో సంఘ పెద్ద. సాయంత్రం ప్రార్థనకి వచ్చినవాళ్ళతో ఇల్లు నిండిపోయింది. మాలో రోగి మంచం దగ్గర స్వస్థత అన్న మాటే తప్ప ఇంకో మాట రాకూడదు. "విశ్వాసికి భయమేంటండీ!" అని పాస్టరుగారు అంటే, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మావయ్యే. తర్వాత అందరూ టీలకి వరండాలోకి వెళ్ళారు.

"తలుపు దగ్గరికి వెయ్యమ్మా," అన్నాడు మావయ్య. వేశాను.

"ఆ మందు నీ దగ్గరుందా?"

అలాంటి మనిషికి ఎంత ఆశ పెట్టొచ్చని కాగితం మీద ఎంతో తీరిగ్గా రాసుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నది సొంత మేనమామ.

"లేదు మావయ్యా. ఇక్కడ చట్టం ఒప్పుకోదు. నేను డాక్టర్ని కూడా కాదు. చదువుతానంతే."

"పోనీ, దాంతో భయం పోతుందా?"

అత్తయ్య ఏ క్షణాన లోపలికి వస్తుందోనని తలుపు వంక చూశాను. పోతుందంటే దొరకని దానికి ఆశ పెట్టినట్టు. పోదంటే అదీ నిజం కాదు. ఏం చెప్పి చావను దేవుడా!

"కొందరికి తగ్గిందని రాశారు. కొందరికి ఇంకా భయమేసిందట. అందుకే మందు పనిచేస్తున్నంతసేపూ పక్కన ఒకరు కూర్చుంటారు."

"కూర్చుని?"

"ఏమీ చెయ్యరు. భయపడొద్దని కూడా అనరు."

మావయ్య నా వైపు తిరిగాడు. "నీకు భయంగా ఉందా?"

ఇక ఆపుకోలేకపోయాను. ఏడుస్తూనే చెప్పాను. "చాలా భయంగా ఉంది మావయ్యా."

"హమ్మయ్య," అన్నాడు. "ఈ ఇంట్లో నేనొక్కణ్ణే అనుకున్నాను."

వరండాలో మళ్ళీ పాట మొదలైంది. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.