టై రాడ్డు విరిచిన రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మెకానిక్ పనికి అది మంచిదేనని చాలాకాలం అనుకున్నాను. తుప్పు పట్టిన నట్టు మంచి మాటలకు ఊడి రాదు. దాన్ని తిట్టాలి, కొట్టాలి, గ్యాస్ మంట పెట్టాలి. కార్వేటినగరం నుంచి పుత్తూరు పోయే దారిలో నా షెడ్డు. కొండ తోటలకు ఎక్కి దిగే పాత జీపులన్నీ ఒళ్లు హూనం చేసుకుని చివరికి నా దగ్గరికే వస్తాయి.

ఆ మామిడి కాలంలో ఒక తోటాయన జీపు మూడోసారి వచ్చింది. ముందు చక్రాలు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి, మెల్లకన్ను పడినట్టు. ఆ రెండింటినీ కలిపి ఒకే వైపు తిప్పే ఇనుప కడ్డీని టై రాడ్డు అంటాం. బండి రాయి మీదికెక్కితే మొదట వంగేది అదే. అంతకుముందు రెండుసార్లు దాన్ని నేనే సమ్మెటతో కొట్టి తిన్నగా చేసి ఇచ్చాను. ఈసారి విప్పి, కిరోసిన్ పూసి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దముక్క రుద్దాను. కాసేపటికి తెల్లటి సుద్దలో వెంట్రుకంత గీత తడిగా తేలింది. పగులులో దాక్కున్న కిరోసిన్ బయటికి ఊరిందన్నమాట.

ఇక ఆ రాడ్డును తిన్నగా చేసినా అది ఎక్కడో ఒకచోట విరుగుతుంది. కొండ దిగేటప్పుడు విరిగిందంటే ఒక చక్రం ఇటు, ఒక చక్రం అటు. డ్రైవరు చేతిలో స్టీరింగు ఊరికే తిరుగుతుంది. ఆ జీపు వెనకాల రోజూ కాయలు కోసే ఆడవాళ్లు కిక్కిరిసి కూర్చుంటారు.

"ఇది పనికిరాదప్పా. నా దగ్గర మంచిదొకటి ఉండాది, అది ఏస్తా," అన్నాను.

"ఏంది, నా రాడ్డు పారేసి నీ షెడ్డులో తుక్కు నాకు అంటగడ్తావా?" అన్నాడు తోటాయన. "పుత్తూరులో కట్టు కడితే ఇరిగిన ఎముకే అతుక్కుంటాది. నువ్వు వంగిన ఇనుము సరిసెయ్యలేవా? తియ్ సమ్మెట."

"సరిసేస్తే సచ్చేది నువ్వు కాదు, ఈడు," అంటూ డ్రైవరును చూపించాను. పాతికేళ్లవాడు, మంచి దిట్టమైన మనిషి. నేల చూస్తూ నిలబడ్డాడు.

"నా బండి, నా డ్రైవరు. నడమంతరాన నీకేంటికి రా?"

ఆ 'రా' దగ్గర నా తల తిరిగింది. రాడ్డును వైస్ దవడల మధ్య బిగించి సమ్మెట ఎత్తాను. మొదటి దెబ్బకు షెడ్డు రేకులు అదిరాయి. రెండో దెబ్బకు రాడ్డు సరిగ్గా ఆ గీత దగ్గర విరిగింది. తెగిన ముక్క ఎగిరిపోయి జీపు మడ్‌గార్డుకు కొట్టుకుని కిందపడింది. నాకు భలే సంతోషమైంది. ఆ క్షణంలో నాకు కూలీలూ గుర్తులేరు, డ్రైవరూ గుర్తులేడు. తోటాయన నోరు మూయించానన్న కసి ఒక్కటే.

"తీసుకపో పుత్తూరుకు, అతికించుకో," అన్నాను.

తోటాయన జాకీ రాడ్డు అందుకుని మీదికొచ్చాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. నేను తిరిగేలోపల వెనకనుంచి రెండు చేతులు నా చంకల కింద దూరి ఛాతీ మీద బిగుసుకున్నాయి. డ్రైవరు! గింజుకున్నాను, మడమలతో తన్నాను, తలను వెనక్కి విసిరి వాడి మూతి పగలగొట్టాను. వాడు వదల్లేదు. రెండో దెబ్బ కుడి ముంజేయి మీద పడింది. నా ఎముక విరిగిన చప్పుడు నేనే విన్నాను. సమ్మెట జారి కాలి పక్కన పడింది.

"సాయంత్రానికి బండి తోటలో ఉండాల," అని డ్రైవరుకు చెప్పి, దారిన పోయే బైకును ఆపి ఎక్కి వెళ్లిపోయాడు తోటాయన.

చెయ్యి వేలాడుతోంది. పుత్తూరు పోవాలి, ఉన్న బండి అదొక్కటే, దానికి టై రాడ్డు లేదు. నేను పక్కన కూర్చుని బూతులు తిడుతూ చెప్తుంటే, డ్రైవరు నా దగ్గరున్న మంచి రాడ్డును బిగించాడు. వాడి పెదవి నుంచి కారిన నెత్తురు నట్ల మీద పడుతోంది. చక్రాలు మాత్రం తిన్నగా నిలబడ్డాయి.

దారిలో గుంట వచ్చినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ వాణ్నే తిట్టాను. "వాడేసే ముద్దకు నన్ను పట్టిస్తివి గదరా కుక్కా!"

"వానికోసరం పట్టుకోలేదన్నా," అన్నాడు చివరికి. దారి మీదినుంచి చూపు తిప్పలేదు. "నీ సేతిలో సమ్మెట ఉండింది. నీ కండ్లు సూసినా. నేను ఇడిసింటే వాని తలకాయ పగిలిపోయుండు."

అబద్ధాలు చెప్పొద్దన్నాను. కానీ భుజం మీద దెబ్బ పడ్డప్పుడు నేను చూసింది జాకీ రాడ్డును కాదు. తోటాయన బట్టతలను. ఎక్కడ కొట్టాలో కూడా అనుకున్నాను.

పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన నా ముంజేతిని వేళ్లతో తడిమాడు. "ఎముక పక్కకు జరిగుండాది. లాగాల. ఎవురైనా ఎనకనుంచి గట్టిగా పట్టుకోండి," అన్నాడు.

డ్రైవరు కదల్లేదు. ఉబ్బిన మూతితో నా ముఖం చూశాడు.

"రారా," అన్నాను.

మళ్లీ అవే చేతులు నా చంకల కింద నుంచి వచ్చి ఛాతీ మీద బిగుసుకున్నాయి. పెద్దాయన ఒక్క గుంజు గుంజాడు. వీధి చివరిదాకా వినబడేట్టు అరిచాను. అరుస్తూనే, మంచిగా ఉన్న ఎడమచేత్తో వాడి చేతిని నేనూ గట్టిగా పట్టుకున్నాను.