అత్త దాచిన గొంతు

పోయిన నెల కర్నూలులో మా మేనత్త చనిపోయింది. ఆ సంగతి వాళ్ళబ్బాయి, మా బావ, ఫోన్ చేసి చెప్పాడు. నేను కడపలో, పాఠాలు చెప్పే కాలేజీకి బయలుదేరబోతూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. "అమ్మ పాయ" అన్నాడు.  నేనేమీ అడగకుండానే బస్సెక్కాను. ఎప్పుడు, ఎట్లా అనే ప్రశ్నలు బస్సు మైదుకూరు దాటాక గుర్తొచ్చాయి. నంద్యాల పోయి ఓర్వకల్లు గుట్టలు కనిపించేసరికి ఆ ప్రశ్నలూ పోయి ఒకే ఒక ఆలోచన మిగిలింది. ఎప్పుడో చనిపోయిన మా నాన్న గొంతు ఇవాళ మళ్ళీ పోయింది.

ఇది మీకు వింతగా ఉంటుంది. కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి.

అత్త మా నాన్నకు అక్క. వయసులో ఉన్నప్పుడు కర్నూలు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసింది. చెవులకు పెద్ద పెద్ద డిప్పలు తగిలించుకుని, ఆదోనిలో వ్యాపారిని బళ్ళారిలో వ్యాపారికీ, ఊళ్ళో తల్లిని పట్నంలో కొడుక్కీ కలిపేదట. అందుకేనేమో, ఆమెకు మనుషులు ముఖాలతో కాక గొంతులతో గుర్తుండేవాళ్ళు. పెళ్ళిళ్ళలో పలకరించినవాళ్ళ ముఖం చూసి తికమకపడేది. వాళ్ళు నోరు విప్పగానే ఊరు, ఇంటిపేరు, వాళ్ళ తాత సంగతి అన్నీ చెప్పేది. "ముఖానికి ఫొటో ఉండాది. గొంతుకేముండాది?" అనేది.

మా వైపు లెక్క ప్రకారం నేను ఆమెకు కోడలిని కావాల్సినదాన్ని. మేనత్త కొడుకుంటే వేరే సంబంధం వెతకటం మా ఇళ్ళలో దాదాపు అవమానం కింద లెక్క. యూనివర్సిటీలో చదువుతుండగా ఆ మాట వచ్చింది, నేను వద్దన్నాను. బావ మీద అయిష్టం ఉండి కాదు. చిన్నప్పుడు ఒకే పళ్ళెంలో తిన్న మనిషిని మొగుడిగా అనుకోలేకపోయాను, అంతే. నాన్న తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. నాతో నేరుగా మాట్లాడటం మానేశాడు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే "ఆ పిల్ల తినిందా?" అని అమ్మని అడిగేవాడు.

కొడుకు తల్లిగా కోపం రావాల్సింది అత్తకు. ఆమె మాత్రం ఆ వారంలోనే హాస్టలుకు వచ్చింది. సంచిలో ఓళిగలు, అదే బొబ్బట్లు. గది గడపలో నిలబడి, నా ముఖం చూసి నవ్వింది. "నువ్వు ఒద్దనింది నా కొడుకును గదా. నన్ను గాదు గదా?" అంది. ఓళిగలు నేను తినలేకపోయాను, గదిలో మిగతా పిల్లలు తిన్నారు. బావకు తర్వాత మంచి సంబంధం కుదిరింది. అతని భార్య నన్ను సొంత మనిషిలాగే చూసుకుంటుంది. కాలం అన్నీ సర్దింది, నాన్న మౌనం తప్ప.

అత్త ఇంట్లో వస్తువులు ఎక్కువ కాలం బతికేవి కావు. ఆ వీధిలో కరెంటు ఎప్పుడు ఎగురుతుందో, ఎప్పుడు మూలుగుతుందో తెలియదు. ఎండాకాలంలో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, అంతలోనే బల్బు పగిలేంత వెలుగు. టీవీ, మిక్సీ, స్టెబిలైజరు, చివరికి ఆ స్టెబిలైజరును కాపాడటానికి తెచ్చిన ఇంకో పెట్టె, అన్నీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఏదైనా పాడైందంటే అత్త మనిషి పోయినట్టే విచారించేది. "యాం జేస్తాండగా పాయ? ముందేమన్నా సద్దు జేసెనా?" అని. ఆ తర్వాత దాన్ని గుడ్డలో చుట్టి అటక ఎక్కించేది. బావ పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామంటే ఒప్పుకునేది కాదు.

నాన్న ఆత్మకూరు దగ్గర మా ఊళ్ళోనే ఉండేవాడు. పొద్దున్నే పాలు పితికి, గిన్నె లోపల పెట్టి, అక్కకు ఫోన్ చేసేవాడు. నాతో పలకని మనిషి ఆమెతో అంతంతసేపు ఏం మాట్లాడతాడా అని నాకు ఉక్రోషంగా ఉండేది. ఆయన గుండె ఆగి పోయిన తర్వాత కొన్నాళ్ళకు, అత్త ఫోన్ నిండిపోయి మొరాయిస్తుంటే బావ తెరిచి చూశాడు. ఆ ఫోన్ ఎవరూ చెప్పకుండానే వచ్చిన ప్రతి కాల్‌నూ రికార్డు చేసి పెట్టుకుంది. అక్కాతమ్ముళ్ళ మాటలన్నీ అందులో ఉన్నాయి. బర్రె తన్నిన సంగతి, బోరు మోటారు కాలిన సంగతి, మోకాళ్ళ నొప్పి, ఇవాళ ఏం కూర. బావ వాటన్నిటినీ ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించాడు. నయమే చేశాడు, ఎందుకంటే ఆ వెంటనే ఫోన్ నీళ్ళ బకెట్‌లో పడింది. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టాలని ఎవరో చెప్పారట. అత్తకు చక్కెర వ్యాధి, ఇంట్లో బియ్యం తక్కువ. కొర్రల డబ్బాలో పూడ్చిపెట్టింది. ఆరింది గానీ, ఆ సన్నటి గింజలు ఛార్జింగు పెట్టే సందులోకి దూరి ఇరుక్కున్నాయి. పిన్నుతో తీయబోతే సందే ఊడొచ్చింది. ఫోన్ అటక ఎక్కింది.

ఇక మిగిలింది హార్డ్ డిస్కు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అత్త కంప్యూటరు ముందు పీట వేసుకుని కూర్చునేది. అత్తను జేజి అని పిలిచే మనవరాలు డిస్కు తగిలించి ఏదో ఒక రోజు మాటలు పెట్టి వెళ్ళేది. ఒకసారి నేను చూశాను. నాన్న ఏదో అంటున్నాడు, అత్త రికార్డులో జవాబు చెప్పేలోపే ఇక్కడ పీట మీద కూర్చుని జవాబు చెప్పేస్తోంది. ఇద్దరు అత్తల గొంతులు కలిసిపోతున్నాయి. నేను వాకిట్లోనే ఆగిపోయాను. లోపలికి వెళ్తే ఇద్దరి మధ్యకు వెళ్ళినట్టవుతుందనిపించింది.

ఆ రోజే అత్త నాతో చెప్పింది. "నీ గురించి ఒకమాట అన్న్యాడు మీ నాయన. అది నువ్వే ఇనల్ల."

ఏమన్నాడని అడిగాను. చెప్పలేదు.

"నేను జెప్తే నువ్వు ఒద్దనిన కొడుకు తల్లి జెప్పినట్ల ఉంటాది. వాని నోటితోనే ఇను."

అది ఏ రోజు మాటల్లో ఉందో వెతకాలి. వందల కొద్దీ ఉన్నాయి, వేటికీ పేర్లు లేవు. దసరా సెలవులకు వస్తే వెతికి పెడతానంది. నాకొక కాపీ ఇమ్మని బావను అప్పటికే అడిగి ఉన్నాను. వచ్చే ఆదివారం చేస్తాననేవాడు. మా ఇళ్ళలో వచ్చే ఆదివారాలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు.

ఆయుధ పూజ నాటికి కర్నూలు వెళ్ళాను. అత్త ముందు రోజే ఆ కాల్ దొరకబుచ్చుకుందట. ముఖం వెలిగిపోతోంది. పూజ అయ్యాక, సాయంత్రం నాకు వినిపించాలి. పూజగదిలో కొడవలి, కత్తిపీట, కుట్టుమిషను, బావ స్క్రూడ్రైవర్లు, బయట స్కూటరు. అన్నిటినీ తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, గంధం కుంకుమ పెట్టి, నిమ్మకాయలు పెట్టింది. వాటి మధ్యలో హార్డ్ డిస్కు. దాన్నీ తుడిచింది. దానికి అన్నిటికంటే ఎక్కువ గంధం, నీళ్ళగా కలిపి, అన్ని వైపులా పెట్టింది. తీగ పెట్టే సందు ఉన్నవైపు కూడా. తమ్ముడిని దాచిన పెట్టెకు పెట్టకుండా ఎట్లా అని ఆమె అనుకుంది. నేను అక్కడే హారతి పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు, పైగా ముచ్చటేసింది.

సాయంత్రం తీగ తగిలించారు. డిస్కు టిక్ టిక్ మంది. బావ తీసి మళ్ళీ పెట్టాడు. వేరే సందులో పెట్టాడు. పక్కింటి కంప్యూటరుకు పెట్టాడు. ప్రతిసారీ అదే టిక్ టిక్, చివరికి అదీ లేదు. సందులో ఎండిన గంధం కనిపించింది.  అత్త తన వేళ్ళ వైపు చూసుకుంది. ఇంకా పసుపు పోలేదు వాటికి.

హైదరాబాదులో ఇట్లాంటివి బాగుచేసే దుకాణానికి బావ స్వయంగా తీసుకెళ్ళాడు. లోపల మాటలన్నీ ఉండే పళ్ళెం గీసుకుపోయిందనీ, ఊరికే మళ్ళీ మళ్ళీ తగిలించకుండా ఉండాల్సిందనీ చెప్పారు. ఏమీ రాలేదు. బావ ఆ మాట తల్లికి చెప్పేటప్పుడు నేను ఫోన్‌లో ఉన్నాను.  అత్త, "బొట్టు బెట్టి సాగనంపితి" అంది. ఆ ఒక్కసారే ఆమె గొంతు పగలటం విన్నాను.

ఆ తర్వాత జరిగింది మాత్రం నేను ఊహించనిది. కొన్నాళ్ళకు పొద్దున్నే, నాన్న ఫోన్ చేసే వేళకు, అత్త నాకు ఫోన్ చేసింది. "ఒకరోజు మీ నాయన ఏమన్న్యాడంటే" అని మొదలుపెట్టింది. మొత్తం చెప్పింది. తన మాటలు తనలాగా, నాన్న మాటలు నాన్నలాగా, మధ్యలో ఆయన గొంతు సవరించుకోవటం, బర్రెను అదిలించటంతో సహా. అన్ని మధ్యాహ్నాలు విని విని ఆమెకు నోటికి వచ్చేసి ఉన్నాయి. అప్పటినుంచి అది అలవాటైంది. నేను దోసె పోస్తూ, జడ వేసుకుంటూ, ఒక్కోసారి ఏడుస్తూ వినేదాన్ని. రికార్డు చేసుకుంటానంటే ఒప్పుకునేది కాదు. మిషన్లను నమ్మింది చాలంది. మిషన్లో పట్టుకుంటున్నారని తెలిస్తే వాడి గొంతు రాదంది.

అన్నీ చెప్పేది, నా గురించిన మాట ఒక్కటి తప్ప. అడిగితే పాత జవాబే. ఏడాది గడిచాక ఒక పొద్దున తనంతట తానే చెప్పింది.

"'అక్కా, నా బిడ్డ నీ ఇంటికి రాలేదని నీ మనసులో ఏమన్నా ఉండాదా' అన్న్యాడు. 'నాకేముంటాదిరా' అంటి. 'అట్లయితే నాకూ ఏం లేదు' అన్న్యాడు. అంతేమ్మా."

ఆ రోజు పాఠం ఏం చెప్పానో నాకు గుర్తులేదు. అన్నేళ్ళ మౌనం నా మీద కోపం కాదు, అక్క ముందు తలదించుకోవటం. అంతే అయితే ఎంత బాగుంటుంది. అంతేనా? నేను చదివిన చదువు ఏ మాటనూ ఆధారం లేకుండా నమ్మనివ్వదు. ఒక్కోసారి ఆ చదువు మీదే విసుగొస్తుంది.

మళ్ళీ కొన్ని నెలలకు, తను ముందే చెప్పిందన్న సంగతి మరిచినట్టుగా, ఇంకోలా చెప్పింది. ఇందులో నాన్న గొంతు తగ్గించి అడిగాడట. "ఆ పిల్ల నాతో మాట్లాడదేమక్కా? నేనేమన్నా అంటినా?"

నేను స్టవ్ ఆపేసి కూర్చున్నాను. ఆయన మాట్లాడటం లేదని నేను, నేను మాట్లాడటం లేదని ఆయన. ఇది మొదటిదానికంటే ఎక్కువ నొప్పి, అందుకే ఇదే నిజమేమో అనిపించింది. "ముందు ఒకటి చెప్పినావు, ఇప్పుడు ఒకటి చెప్తాండావు. ఏది అన్న్యాడత్తా?" అని అడిగాను. నా గొంతులో గద్దింపు ఉందేమో కూడా.

 "శానాసార్లు జెప్పి జెప్పి, వాడు అనిందేదో నేను అనిందేదో నాకే తెలీకుండా పోతాండాది" అంది. మళ్ళీ తనే, "అన్న్యాడో లేదో గానీ, అనేటోడే గదమ్మా" అంది.

ఆ మాటతో ఎన్ని రాత్రులు వాదించానో. అన్నాడా, అనేవాడా అనేది చిన్న తేడా కాదు నాకు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. నాన్న ఏమనేవాడో అంత ధీమాగా చెప్పగలిగిన మనిషి ఆమె తర్వాత ఇంకెవరూ లేరు. ఆమె ఉన్నన్నాళ్ళూ మూడో రకంగా చెప్పే పొద్దు ఒకటి రావచ్చనే ఆశ ఉండేది. ఫోన్ మోగగానే దోసె మాడినా సరే ఎత్తేదాన్ని. ఇప్పుడు ఆ వేళకు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది.

పదకొండో రోజు భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. బయట వసారాలో బండల మీద మేం నలుగురమే కూర్చున్నాం, బావ, బావ భార్య, వాళ్ళ కూతురు, నేను. మధ్యలో చేటలో వేరుశనక్కాయలు, ఒలుచుకుంటున్నాం.  బావ కూతురు ఉన్నట్టుండి, "చిన్నమ్మా, జేజి నీకు ఫోన్లో జెప్పినట్ల తాతది ఒకటి జెప్పవా" అంది. వాళ్ళమ్మ ఊరుకోమని సైగ చేసింది. నాకు రాదన్నాను. నిజంగానే నాకు రాదు. ఎప్పుడూ వినటమే తప్ప అనలేదు. అయినా ఆ పిల్ల చూపు తిప్పలేదు.

గొంతు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. "ఏమక్కా, ఆడ వాన పడెనా?" అన్నాను.

నా చెవులకే అది కొంచెం నాన్నలా, ఎక్కువగా అత్తలా వినిపించింది. ఎవరూ నవ్వలేదు. బావ తల ఎత్తలేదు. చేతిలో కాయ చిట్లించి, గింజలు చేటలో వేసి, అచ్చం వాళ్ళమ్మలా సాగదీస్తూ, "యాడ పడెరా, మబ్బు బట్టె, పాయ" అన్నాడు.

తర్వాత మాట నాన్నది. ముగ్గురూ ఒలవటం ఆపి నా వైపు చూస్తున్నారు.